నల్లకోటుకి నెల జీతం అడిగితే నేరమా?

"మేడమ్, లా అయిపోయింది. గవర్నమెంటు లాయరు ఉద్యోగాల్లో వేళకి ఇంటికి రాగలిగేది ఏదైనా ఉందా?"

డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివి, తర్వాత లా కాలేజీకి వెళ్ళిన మన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ఇది వినగానే మనలోనే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. "బాబాసాహెబ్ నల్లకోటు వేసుకుంది పదింటికెళ్ళి అయిదింటికి రావడానికా?" అంటారు. అయ్యా, వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉండి, ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని కోసం 1946లో బిల్లు పెట్టింది కూడా ఆ బాబాసాహెబే. తీరిక మనిషి హక్కు అని ఆయనకు తెలుసు. తరతరాలుగా తీరిక లేకుండా చాకిరీ చేసిన జాతికి అది ఇంకా బాగా తెలియాలి.

ముందు పిల్లల ప్రశ్నకి జవాబు చెబుతాను. సర్కారు తరఫున కోర్టులో నిలబడటానికి ప్రధానంగా రెండు తలుపులున్నాయి.

మొదటిది పరీక్ష తలుపు. మేజిస్ట్రేట్ కోర్టుల్లో పనిచేసే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ఏపీపీ. నెల జీతం, సెలవులు, ప్రమోషను, ఆడవాళ్ళకి 180 రోజుల ప్రసూతి సెలవు. అన్నిటికంటే ముఖ్యం, రిజర్వేషన్ ఉంది. పని తేలికని కాదు. సాక్షుల్ని విచారించాలి, చార్జిషీట్లు చదవాలి, ఖాళీగా ఉన్న పక్క కోర్టు బాధ్యత కూడా ఒక్కోసారి నెత్తిన పడుతుంది. అయినా ఒకటో తారీకు జీతం పడుతుంది.

రెండోది సిఫార్సు తలుపు. గవర్నమెంట్ ప్లీడర్లు, అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్లు, కార్పొరేషన్ల స్టాండింగ్ కౌన్సిళ్ళు. దీనికి రాతపరీక్ష ఉండదు. ప్రభుత్వం నియమిస్తుంది. ప్లీడర్లకి మామూలుగా మూడేళ్ళ గడువు. సర్కారు మారితే అదీ అనుమానమే. ఇక్కడ ఎవరి చాంబర్లో పెరిగావు, ఎవరి మనిషివి అన్నదే అర్హత అయిపోతోంది. లా ఆఫీసర్ల నియామకాలు ఇష్టారాజ్యంగా ఉండకూడదని, ప్రతిభను చూసే పద్ధతి ఉండాలని పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఏళ్ళు గడిచాయి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు మారారా?

మరి పరీక్ష తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటోంది? తెలంగాణలో 2021లో 151 ఏపీపీ పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. మళ్ళీ 118 పోస్టులకి వచ్చింది 2025లో. మధ్యలో నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళూ కాచుకుని కూర్చోవడానికి ఎవరింట్లో బియ్యం ఉన్నాయి?

పైగా ఏపీపీకి దరఖాస్తు చేయాలంటే క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. జూనియర్ సివిల్ జడ్జికి కూడా మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అనుభవం కావాలనడం తప్పు కాదు. కానీ ఆ మూడేళ్ళు ఏం తినాలి? ప్రాక్టీసు చేస్తూ పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. జూనియర్లకి పట్టణాల్లో నెలకి కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని అదే బార్ కౌన్సిల్ 2024లో సీనియర్లకి సూచించింది. సూచించింది, అంతే. తండ్రికి చాంబరున్నవాడికి ఆ మూడేళ్ళు శిక్షణ. తల్లి ఉపాధి హామీ పనికెళ్ళే పిల్లకి అవి మూడేళ్ళ పస్తు.

ఇక పెద్దల ఆక్షేపణ. 1985 జులైలో కారంచేడు మారణకాండకి నిరసనగా హైకోర్టులో గవర్నమెంట్ ప్లీడర్ పదవిని వదిలేసిన బొజ్జా తారకం గారిని చూపించి, "అదీ త్యాగం" అంటారు. నిజమే, దానికి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ ఆ రాజీనామాకి అంత బరువు ఎందుకొచ్చింది? ఆ కుర్చీలో ఆయన ఉన్నారు కాబట్టి. కుర్చీయే దక్కనివాళ్ళు దేనికి రాజీనామా చేస్తారు?

ఇది మన పిల్లల జీతం సంగతి మాత్రమే కాదు. అట్రాసిటీ కేసులో బాధితుల తరఫున మాట్లాడే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని నిర్ణయించేది కూడా ప్రభుత్వమే. బాధితులు కోరితే పేరున్న సీనియర్ లాయర్ని పెట్టే అధికారం 1995 నియమాల్లోని 4వ నియమం కలెక్టరుకి ఇచ్చింది. ఈ సంగతి వాడల్లో ఎంతమందికి తెలుసు? చెప్పే లాయరు మన మధ్య ఉంటే కదా!

కాబట్టి అడగాల్సినవి మూడు. ఏపీపీ ఖాళీలకి ఏటా నోటిఫికేషన్ ఇవ్వాలి. ప్లీడర్లు, స్టాండింగ్ కౌన్సిళ్ళ నియామకాల్లో రిజర్వేషన్ పెట్టి, కులాలవారీ జాబితా బయటపెట్టాలి. ఎస్సీ లా గ్రాడ్యుయేట్ల శిక్షణకిచ్చే స్టైపెండు కొద్దిమందికి కాకుండా అర్హులందరికీ, బతకగలిగేంత ఇవ్వాలి.

పిల్లలూ, మీకొక మాట. నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా ఉండొద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పోస్టులు పడుతుంటాయి. కాంట్రాక్టే, కానీ నెలనెలా డబ్బు, చేతినిండా క్రిమినల్ కేసులు. సహాయక స్థాయికి కొత్తవాళ్ళూ అర్హులే. ఓ కన్నేసి ఉంచండి. వేళకి ఇంటికి వెళ్ళాలనుకున్నందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి. మీ అమ్మలు అడగలేకపోయింది మీరు అడుగుతున్నారు.

జై భీమ్.