రహదారి హక్కు

మా వర్గల్ మండల వాసులకు పట్నం వెళ్లడమంటే గౌరారం వద్ద రాజీవ్ రహదారి ఎక్కడమే. వంటిమామిడి, తుర్కపల్లి, శామీర్‌పేట దాటేవరకు ప్రయాణం సాఫీగానే సాగుతుంది. తూంకుంట గడిచి హకీంపేట, బొల్లారం, అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానాల మీదుగా జూబ్లీ బస్ స్టేషన్ చేరడమే అసలు పరీక్ష. కరీంనగర్, రామగుండంల నుండి వచ్చే బస్సులు, బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు మోసుకుపోయే డీసీఎంలు, బడిపిల్లల ఆటోలు, ఆసుపత్రికి తీసుకుపోతున్న రోగులు, అందరూ ఆ ఇరుకు దారిలోనే ఒకరి వెనుక ఒకరు నిలిచిపోతారు.

ఈ ఇరుకుకు కారణం ఉంది. ఆ భాగంలో రహదారి కంటోన్మెంట్ గుండా పోతుంది. ఇరువైపులా రక్షణశాఖ భూములు ఉన్నందున ఏళ్ల తరబడి విస్తరణకు వీలుపడలేదు. 2024 మార్చి ఆరంభంలో కేంద్రం ఆ భూముల వినియోగానికి సమ్మతించింది. అదే నెల 7వ తేదీన అల్వాల్ వద్ద ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. సికింద్రాబాద్ నుండి శామీర్‌పేట ఔటర్ రింగు రోడ్డు కూడలి వరకు సుమారు 18 కిలోమీటర్లు. నాటి అంచనా 2,232 కోట్ల రూపాయలు. ఈ వార్తకు సంతోషించని ఇల్లు మా ప్రాంతంలో ఉండదు. ప్రజలకు దారి సుగమం చేయడం పాలకుల బాధ్యత అని ఇస్లాం మొదటినుండి చెబుతున్నదే.

అయితే పాలకుల బాధ్యత ఒకటి, దారిన నడిచేవాడి బాధ్యత మరొకటి. వంతెన మొదటిదాన్ని మాత్రమే తీరుస్తుంది.

దారుల్లో కూర్చోవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సహచరులను వారించారు. మాకు కూర్చుని మాట్లాడుకోవడానికి వేరే చోటు లేదని వారు విన్నవించుకోగా, అలాగైతే దారి హక్కు చెల్లించండని ఆదేశించారు. చూపు వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకుండడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం ఆ హక్కులని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసును మనం బాల్యం నుండి వింటున్నాము. కానీ ‘బాధ కలిగించకుండడం’ అన్న మాట వద్ద మన ఆలోచన ముళ్లకంపను, రాతిని దాటి ముందుకు పోదు. డివైడరు సందులోంచి రాంగ్ రూట్‌లో దూసుకువచ్చే మోటారు సైకిల్ ముళ్లకంప కన్నా తక్కువ బాధాకరమా? ముందు అద్దం మీద ఆయతుల్ కుర్సీ అంటించుకుని, ఎర్రదీపం వద్ద నిలిచిన వృద్ధుడి వెనుక హారన్ మోగించే మన సోదరుణ్ణి చూసినప్పుడల్లా నాకు ఈ హదీసే గుర్తుకు వస్తుంది.

ఫిఖ్ పండితులు దీనినుండి ఒక సూత్రాన్ని స్థిరపరచారు: ప్రజామార్గంలో నడవడం ప్రతి ఒక్కరికీ ధర్మసమ్మతమే, అయితే ఇతరుల క్షేమం అందుకు షరతు. క్షేమం భంగమైతే ఆ అనుమతి కూడా భంగమైనట్లే. మన హనఫీ గ్రంథాల్లో మరో మసలా ఉంది. ఎవరైనా తన అరుగును గానీ, నీటి గొట్టాన్ని గానీ, దుకాణాన్ని గానీ ప్రజామార్గంలోకి జరిపితే, దాన్ని తీసివేయమని అడిగే అధికారం దారిన పోయే సామాన్యుడికి సైతం ఉంటుంది. దానివల్ల ఎవరైనా గాయపడితే నష్టపరిహారం కట్టినవాడిదే. అల్వాల్ కూడలిలో దుకాణం ముందు రేకులు దింపి, ఫుట్‌పాత్ మీద సామాను పరచి, పాదచారిణులను బస్సుల మధ్యకు నెట్టే వ్యాపారి, అతడు ఐదు పూటల నమాజీ అయినా సరే, ఈ మసలా పరిధిలోకే వస్తాడు.

మస్జిద్ కమిటీలు కూడా కొంచెం ఓర్చుకుని వినాలి. జుమా వేళ మస్జిద్ ముందు రెండు వరుసల్లో బండ్లు నిలపడం పలుచోట్ల అలవాటైంది. నడిచే దారిపై నమాజు చేయడం మక్రూహ్ అని మన ధర్మవేత్తలు రాశారు. అలాంటప్పుడు ఆ దారిని బండితో మూసివేసి లోపలికి వెళ్లి నమాజు చేయడం ఏమవుతుంది? ఆ వెనుక ఒక అంబులెన్సు నిలిచిపోతే? ఇద్దరు యువకులను బండ్ల క్రమానికి నియమించడం పెద్ద పని కాదు. దగ్గరివారు నడచి రావచ్చు. ఖుత్బా క్లుప్తంగా ఉండడం ఖతీబు వివేకానికి గుర్తని హదీసులో ఉన్నది; బయాన్ పొడిగించే మా వర్గం వారు దీన్ని జ్ఞాపకం ఉంచుకుంటే రోడ్డు కూడా త్వరగా ఖాళీ అవుతుంది.

ఇక అసలు భయపడవలసిన విషయానికి వద్దాము. కొంతకాలం క్రితం ఒక యువకుడు మదరసాకు వచ్చాడు. అతని బండి తగిలి ఒక వృద్ధుడు మరణించాడు. కేసు ముగిసింది, బీమా కంపెనీ పరిహారం చెల్లించింది. ‘మౌలానా, ఇక నాపై ఏమీ లేదు కదా?’ అని అడిగాడు. అతనికి చెప్పిన సమాధానమే ఇక్కడ రాస్తున్నాను.

నిసా సూరా 92వ ఆయత్ పొరపాటున జరిగిన ప్రాణహత్యకు రెండు విషయాలు విధించింది. మొదటిది మృతుని వారసులకు చెందే దియత్. రెండవది అల్లాహ్‌కు చెందే కఫ్ఫారా. అంటే ఒక విశ్వాసి బానిసను విముక్తుణ్ణి చేయాలి. అది సాధ్యం కాకపోతే వరుసగా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. నేడు మిగిలింది ఉపవాసాలే. ఇక్కడ పేదలకు భోజనం పెట్టి తప్పించుకునే వీలును హనఫీ ధర్మవేత్తలు అంగీకరించలేదు. స్త్రీల నెలసరి రోజులు తప్ప మధ్యలో ఒక్కరోజు విడిచినా మళ్లీ మొదటినుండి ప్రారంభించాలి. బీమా కంపెనీ డబ్బు కట్టగలదు, ఉపవాసం ఉండలేదు.

ప్రతి ప్రమాదానికీ ఇదే తీర్పు అని అనుకోరాదు. 1993 జూన్‌లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ అంశాన్ని కూలంకషంగా చర్చించింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నిబంధనలను పాటించడం ధార్మికంగా కూడా తప్పనిసరి అని తీర్మానించింది. తప్పించుకోలేని ఉపద్రవం వల్ల గానీ, దెబ్బతిన్నవాడి సొంత తప్పువల్ల గానీ, మూడో వ్యక్తి అపరాధం వల్ల గానీ ప్రమాదం జరిగితే నడిపేవాడి బాధ్యత వేరుగా ఉంటుందని వివరించింది. కనుక ఎవరికివారు తీర్పు చెప్పుకోకుండా, జరిగింది జరిగినట్లు ముఫ్తీ ముందు ఉంచాలి. సగం దాచి ఫత్వా తీసుకోవడం వల్ల రేపు అల్లాహ్ సన్నిధిలో ప్రయోజనం లేదు.

హనఫీ ధర్మశాస్త్రంలోని మరొక నియమం విని ఆ యువకుడి ముఖం పాలిపోయింది. పొరపాటున చంపినవాడు సైతం చనిపోయినవాని ఆస్తిలో వారసత్వం కోల్పోతాడు. తండ్రిని వెనుక కూర్చోబెట్టుకుని నిర్లక్ష్యంగా బండి నడిపిన కుమారుని చేతిలో ఆ తండ్రి మరణిస్తే, తప్పు కుమారునిదేనని తేలితే, అతనికి ఆ ఇంటిలో వాటా ఉండదు.

తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. పద్నాలుగేళ్ల కుమారుడికి బండి తాళం ఇచ్చి కిరాణా సరుకులకు పంపే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరానికి సంరక్షకుడే దోషి: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. ‘ఊరిలోనే కదా, హైవే ఎక్కడులే’ అంటారు తల్లులు. గౌరారం కూడలి ఎంత దూరంలో ఉందో పిల్లలకు తెలుసు.

అదే చట్టం గాయపడినవారిని ఆదుకునేవారికి రక్షణ కూడా ఇచ్చింది. ఆసుపత్రికి చేర్చినవాణ్ణి పేరు చెప్పమని గానీ, సాక్షిగా ఉండమని గానీ బలవంతపెట్టరాదు. పోలీసు గొడవ మనకెందుకు అని ముఖం తిప్పుకునే సాకు ఇక చెల్లదు. 108కి ఫోను చేయడానికి, గుమిగూడినవారిని పక్కకు జరపడానికి, సెల్‌ఫోనులో వీడియో తీసేవాడిని వారించడానికి ధనం అక్కరలేదు.

చివరిగా, మా ప్రాంతపు సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్న. వర్గల్ నుండి సికింద్రాబాద్ ఆసుపత్రికి వెళ్తే ఖస్ర్ చేయాలా? అక్కరలేదు. ఖస్ర్‌కు 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణం ఉండాలి. మనకు 50 కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది, పూర్తి నమాజే చేయాలి. కరీంనగర్ నుండి వచ్చేవారు 15 రోజులకన్నా తక్కువ ఉండే ఉద్దేశంతో వస్తే వారికి ఖస్ర్ వర్తిస్తుంది. మగ్రిబ్ వేళ అల్వాల్ రద్దీలో చిక్కుకుంటే తొందరపడనక్కరలేదు. సంధ్యాకాంతి పూర్తిగా మాయమయ్యేవరకు, సుమారు గంటా పావు సమయం ఉంటుంది. దిగిన వెంటనే దగ్గరి మస్జిద్‌లోనో తెలిసినవారి ఇంటిలోనో చేసుకోవచ్చు. ఆ గడువూ దాటిపోయేలా ఉండి, బస్సు దిగే వీలు లేకపోతే సీటులోనే సైగలతో నెరవేర్చి, ఇల్లు చేరాక దాన్ని తిరిగి చేయాలి. అందుకని సాయంత్రం తిరుగుప్రయాణం పెట్టుకున్నవారు ఆసుపత్రిలోనే వుజూ చేసుకుని, అస్ర్ ముగించుకుని బస్సెక్కడం మంచిది.