డాష్‌బోర్డుకు దిక్కెవరు?

పాత కారును బాగుచేయించుకున్నవాళ్ళు ముందు బానెట్ ఎత్తి చూపిస్తారు. తర్వాత రంగు, గ్రిల్, మెరుగు పెట్టించిన బంపర్లు. అన్నీ కళ్ళకద్దుకునేలా ఉంటాయి. తలుపు తీసి లోపలికి తొంగిచూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. అంబాసిడర్ డాష్‌బోర్డు ఉండాల్సిన చోట నల్లటి ప్లాస్టిక్ పలక, దాని మధ్యలో టచ్‌స్క్రీన్. బెంచీ సీటు పోయి, ఏదో కొత్త కారులోంచి ఊడబీకి తెచ్చిన విడి సీట్లు. స్టీరింగు పక్కనుండే హ్యాండ్ గేరు తీసేసి ఫ్లోర్ గేరు. పాత సామానేమైందని అడిగితే తూకానికి వేసేశామంటారు. ‘లోపల ఎవరు చూస్తారండీ?’ అని ఎదురు ప్రశ్న ఒకటి.

ఎవరు చూస్తారా? ఆ కారెక్కిన ప్రతివాళ్ళూ చూశారు. బయటి రూపం రోడ్డు మీద పోయేవాళ్ళది. కారు కొనుక్కున్న కుటుంబం గడిపిందంతా లోపలే.

ప్రీమియర్ పద్మినినే తీసుకోండి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయిలో తయారై, 1974లో పద్మిని పేరు పెట్టుకున్న బండి. సన్నటి స్టీరింగు, దాని ముందు అడ్డంగా సాగే స్పీడోమీటరు, చెయ్యి చాపితే అందే నాబ్‌లు. వాటిలో ఏది చోక్, ఏది వైపరో కళ్ళు రోడ్డు మీద ఉండగానే వేళ్ళకు తెలిసిపోయేది. గేరు రాడ్డును స్టీరింగు పక్కకు చేర్చడంతో కాళ్ళ దగ్గర నేలంతా ఖాళీ. అందుకే ముందు బెంచీ మీద డ్రైవరు కాక ఇంకో ఇద్దరు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు పట్టేవారు. తిరుపతికో, పెళ్ళికో ఇంటిల్లిపాదీ ఒకే కారులో వెళ్ళగలిగారంటే ఆ గేరు రాడ్డు చలవే. ఇంత ఆలోచించి చేసిన అమరికను ‘పాతకాలం గేరు’ అని ఒక్కమాటతో తీసిపారేస్తుంటే కడుపు మండదా?

ముందు తలుపు అద్దం పక్కన ఉండే చిన్న ముక్కోణపు క్వార్టర్ గ్లాసు సంగతీ అంతే. ఏసీ ఊసే లేని రోజుల్లో మే నెల ఎండలో దాన్ని తిప్పితే గాలి సూటిగా ముఖానికి కొట్టేది. కరెంటు లేదు, మోటారు లేదు, ఒక మడతబందు, ఒక గొళ్ళెం. అంబాసిడర్‌లో హెడ్‌లైటు డిప్పర్ ఎడమకాలి కింద ఉండేది. రాత్రిపూట ఎదురుగా లారీ వస్తే స్టీరింగు మీంచి చెయ్యి తీయకుండానే కాలితో నొక్కి లైటు దించొచ్చు. ఇప్పుడు చాలా బళ్ళలో అవి రెండూ పనిచేయవు. బాగుచేయమని అడిగేవాళ్ళే లేరు.

ఈ చిన్నచూపు మన దగ్గరే పుట్టింది కాదు. కారు బయటి ఒంపులు గీసినవాళ్ళ పేర్లు లోకమంతా చెప్పుకుంటుంది. లోపలి పని చేసినవాళ్ళు ఎవరికి గుర్తున్నారు? హెలీన్ రోథర్ 1943లో అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో చేరింది. సీట్ల గుడ్డలు, రంగులు, లోపలి దీపాలు, తలుపు పిడులు, సీట్ల నిర్మాణం ఆమె పని. తర్వాత సొంత స్టూడియో పెట్టుకుని నాష్ కార్లకు ఇంటీరియర్లు రూపొందించింది. కార్ల లోపలి పని మనం సరిగ్గా చేస్తున్నామా అని 1948లో ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ముందే నిలబడి అడిగింది. 1999లో చనిపోయింది. ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2020లో. బతికుండగా ఇవ్వాల్సిన గౌరవం కాదా అది?

మన చట్టానికీ లోపలి భాగం ఆనలేదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగకూడదు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు కూడా ఇచ్చారు. మంచి పనే. కానీ ఆ జాబితాలో డాష్‌బోర్డు పేరు లేదు, సీట్ల పేరు లేదు. ఇంటి గోడలకు సున్నం వేయించి వంటగది పడగొట్టినా అది పాత ఇల్లేనన్నట్టుంది.

ఆనాటి ఇనుప డాష్‌బోర్డు ప్రమాదం జరిగినప్పుడు తలలు పగలగొట్టిన మాట నిజం. అందుకే మెత్తటి డాష్‌బోర్డులు వచ్చాయి, రావాల్సిందే. కొత్త కార్లను వెనక్కి నడపమని ఎవరూ అడగడం లేదు. అయితే అన్నిటినీ తెర మీదికి ఎక్కించడమే ప్రగతి అనుకున్నవాళ్ళు ఒకటి గమనించాలి. 2026 నుంచి యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షల్లో పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటరు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు లాంటివాటికి చేతికి తగిలే స్విచ్చులు ఉండాలి. పద్మిని నాబ్‌లకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పాత కార్లున్న అయ్యలకూ అమ్మలకూ నా మనవి ఇది. రెక్సిన్ చిరిగితే అదే రంగు, అదే కుట్టు కుట్టించండి. పాత సీట్ల పనీ, మీటర్ల పనీ తెలిసిన పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా కొందరున్నారు. వాళ్ళకు పని ఇవ్వండి, అడిగిన కూలి ఇవ్వండి. తప్పనిసరై ఏదైనా మార్చాల్సి వస్తే ముందు ఫోటోలు తీసి, విప్పిన ప్రతి నాబ్‌నూ మరనూ సంచిలో కట్టి దాచండి. ప్రదర్శనల్లో మార్కులు వేసే పెద్దలు బానెట్ ఎత్తే ముందు తలుపు తీయాలి. రవాణా శాఖ ఆ నిబంధనలో ఇంకొక్క మాట చేర్చాలి: ఛాసిస్, బాడీ, ఇంజన్, ఇంటీరియర్.