చనిపోయినవారి కళ్ళ సంగతి ఆసుపత్రే అడగాలి



పిల్లలు ఆడుకుంటూ సున్నం పొట్లం నొక్కుతారు. అది చిట్లి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా కాలి తెల్లబడుతుంది. దాని అంచున ఉండే మూలకణాలు కూడా చచ్చిపోతే పైపొర మళ్ళీ సరిగా పెరగదు. ఇలాంటి కళ్ళకు హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు కనిపెట్టిన చికిత్స 2012లో లోకానికి తెలిసింది. రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. కాలిన కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, ఆ ముక్కను ఇంకా చిన్నచిన్న ముక్కలు చేసి దానిపై అతికిస్తారు. కణాలు అక్కడే పెరుగుతాయి, ల్యాబు ఖర్చు ఉండదు. ఇప్పుడు విదేశాల్లోనూ ఈ పద్ధతి వాడుతున్నారు.

2022లో అదే సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటింగుతో కార్నియా తయారుచేసి కుందేలు కంట్లో అమర్చాయి. జపాన్‌లో క్యోటో డాక్టర్లు కార్నియా లోపలి పొర కణాలను పెంచి, 11 మంది కళ్ళలోకి సూదితో ఎక్కించి, 2018లో ఫలితాలు ప్రచురించారు.

సైన్సు ఇంత ఎదిగాక నేత్రదానం దేనికని కొందరంటారు. హైదరాబాద్ కార్నియాకు ముడిసరుకు ఎక్కడిదో చూడండి: మార్పిడికి పనికిరాని మనిషి కార్నియాలే. క్యోటో కణాలూ దాతలవే. దానం ఆగితే పరిశోధనా ఆగిపోతుంది.

మరి దానం ఎక్కడ ఆగుతోంది? మంచి మనసు లేక కాదు. మనిషి పోయిన ఆరు గంటల్లోపు కార్నియా తీయాలి. ఏడుపుల మధ్య, అంబులెన్సు వెతుకులాటలో ఆ సమయం గడిచిపోతుంది. కళ్ళిస్తామని పోయినవారు సంతకం చేసిన కార్డు ఇంట్లో బీరువాలో ఉంటుంది. కార్డున్నా ఇంటివాళ్ళు సరేననాలి, కానీ వాళ్ళను అడిగేవారెవరు?

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం. ప్రతి పెద్దాసుపత్రిలో, అది సర్కారుదైనా ప్రైవేటుదైనా, రాత్రీపగలూ ఒక నేత్రదాన కౌన్సెలర్ ఉండాలి. కొన్నిచోట్ల ఇప్పటికే ఉన్నారు, అన్నిచోట్లా ఉండాలి. ఎవరు చనిపోయినా ఇంటివాళ్ళను మెల్లగా, బలవంతం లేకుండా అడగాలి. అడిగారో లేదో కేసుషీటులో రాయాలి. అంగీకారపత్రంలో పరిశోధన కోసం విడిగా ఒక గడి ఉండాలి.

కళ్ళిస్తే వచ్చే జన్మలో చూపుండదని భయపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. శివుడికి కన్ను పెరికిచ్చిన తిన్నడిని శ్రీకాళహస్తిలో కొలిచేవాళ్ళం మనమే కదా! ముఖం ఏమీ పాడవదు. షుగరున్నా, అద్దాలున్నా, శుక్లాల ఆపరేషనైనా ఇవ్వవచ్చు. ఎయిడ్స్, కామెర్లు కలిగించే హెపటైటిస్ వైరస్‌లు, రేబిస్ వంటివి ఉంటేనే కుదరదు.

కౌన్సెలర్లు వచ్చేదాకా చూడకండి. మీవాళ్ళు పోయినప్పుడు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, ఐ బ్యాంకుకు ఫోను చేయమని నర్సును మీరే అడగండి.