ఎన్నికయైన గవర్నరు ఏమి ఉద్ధరించెను?

మొన్న వైశాఖములో బంధువుల ఇంట వివాహమునకు పోయి బంతిలో కూర్చుండగా, అట్లాంటా శివారులో పదునైదేండ్లుగా కాపురముండి సెలవులకు వచ్చిన మా తోడల్లుని కుమారుడు, పప్పులో నెయ్యి వేయించుకొనుచు, "పెదనాన్నగారూ, మీ గవర్నర్ల పద్ధతే తప్పండీ. ఢిల్లీవాళ్లు పంపడమేమిటి? మా జార్జియాలో జనమే ఓటేసి ఎన్నుకుంటారు. అందుకే మాకీ గొడవల్లేవు" అని తీర్పు చెప్పివైచెను. బంతిలోనివారందరును తలలూపిరి. వాని మాటకన్న ఆ తలలూపుటయే నన్ను మండించినది. ఏలయన ఈ మాట ఆ కుఱ్ఱవానిది మాత్రమే కాదు. టెలివిజను చర్చలయందును, ఉద్యానములలో సాయంకాలము చేరు విశ్రాంతోద్యోగుల గోష్ఠులయందును ఇది వేదవాక్యమై కూర్చున్నది. "మా జార్జియా" అట, "మీ గవర్నర్లు" అట! సిటీబస్సు ఫుట్‌బోర్డుపై వ్రేలాడి కాలేజీకి పోయిన నాటి సర్వనామములు విమానమెక్కగానే మాఱిపోవును కాబోలు.

గొడవలు లేవనుచున్నాడు గావున ఆ జార్జియా చరిత్రనే విప్పి చూతము. 1777 నాటి తొలి రాజ్యాంగము ననుసరించి అక్కడను గవర్నరును శాసనసభయే ఎన్నుకొనుచుండెను. జనులు స్వయముగ నెన్నుకొనుట 1825లో గాని రాలేదు. వచ్చినపిమ్మటనైనను జనులనగా నెవరు? నల్లవారిని డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో 1946 వఱకు అడుగుపెట్టనీయలేదు. 1872 మొదలు 2002లో సన్నీ పెర్డ్యూ గెలుచువఱకు ఆ పార్టీవాడు తప్ప మఱియొకడు గవర్నరు కానందున, ఆ ప్రాథమిక ఎన్నికయే అసలు ఎన్నిక, తక్కినది తాంబూలప్రదానము.

ఆ ప్రాథమిక ఎన్నికలోనైనను వోటుకు వోటు సమానమా? కాదు. 159 కౌంటీలలో పెద్దవి ఎనిమిదింటికి తలకు ఆఱేసి, తరువాతి ముప్పదింటికి నాలుగేసి, మిగిలిన 121 కౌంటీలకు రెండేసి యూనిట్లు పంచిపెట్టిరి. అనగా లక్షలాది జనులు గల అట్లాంటా నగరపు కౌంటీ యంతయు త్రాసు ఒక తట్టలోను, పత్తిచేల నడుమనున్న మూడు చిన్న కౌంటీలు రెండవ తట్టలోను పెట్టిన ముల్లు కదలదు! 1946లో జేమ్స్ కార్మైకేల్ అనునాతనికి తన ప్రత్యర్థి యూజీన్ టాల్మడ్జికన్న సుమారు 16 వేల వోట్లు అధికముగా వచ్చినను, యూనిట్లు లెక్కింపగా టాల్మడ్జికి 242, ఆతనికి 146 తేలినవి. ఓడినవాడు గెలిచెను, గెలిచినవాడు ఇంటికి పోయెను. ఈ త్రాసును 1963లో సుప్రీంకోర్టు విఱుగగొట్టువఱకు జనులే ఎన్నుకొనుచున్నారని వారును మురిసిపోయిరి.

గెలిచిన టాల్మడ్జి పదవీస్వీకారమునకు ముందే, డిసెంబరులో, మరణించెను. అప్పుడు జరిగిన ప్రహసనమును మన సురభివారు ఆడినను జనులు నమ్మరు. బ్యాలెటు కాగితముపై పేరు వ్రాసి వోటు వేయు పద్ధతిలో అధికముగా వోట్లు వచ్చినవారినుండి శాసనసభ యొకరిని ఎంచుకొనవచ్చునని వాదము లేవదీసి, చనిపోయినవాని కుమారుడు హెర్మన్‌ను ముందునకు త్రోసిరి. లెక్కింపగా ఆతడు మూడవస్థానమున నుండెను. అంతట స్వస్థలమైన టెల్ఫెయిర్ కౌంటీలో ఏ మూలనో మఱచిన 58 వోట్లు సమయమునకు దొరికినవి! వాని దస్తూరి యొక్కటే. వోటర్లు అక్షరక్రమము తప్పక వరుసగా వచ్చి వోటు వేసినట్లుండెను. వారిలో కొందఱు అప్పటికే శ్మశానమునకు పోయినవారు. ఈ గుట్టు బయటపెట్టిన అట్లాంటా జర్నల్ విలేఖరికి పులిట్జరు బహుమానము వచ్చినది. వోట్లు వేసిన ప్రేతములకేమి వచ్చినదో తెలియదు.

1947 జనవరిలో హెర్మన్‌ను సభ ఎన్నుకొనెను. పాత గవర్నరు ఎల్లిస్ ఆర్నాల్ దిగనని భీష్మించెను. హెర్మన్ మనుష్యులు కార్యాలయములో జొరబడి తాళములు మార్చిరి. ఆర్నాల్ ఆ భవనములోనే, వచ్చిపోవువారికి దారి చెప్పు విచారణ బల్లయొద్ద తన గవర్నరుగిరి పెట్టుకొనెను. ఉపగవర్నరుగా నెన్నికయైన థాంప్సన్ మూడవ గవర్నరు నేనేయని ఊరిలో వేఱొక కార్యాలయము తెఱచెను. రాజముద్ర ఎవరి చేతిలోనుండునో వాడే గవర్నరు గదా! రాష్ట్ర కార్యదర్శి బెన్ ఫోర్ట్‌సన్ అనునతడు, ప్రమాదములో కాళ్లు పడిపోయి చక్రాల కుర్చీలో తిరుగువాడు, ఆ ముద్రను తన కుర్చీలోని మెత్తక్రింద దాచి దానిపై కూర్చుండెను. మార్చి 19న రాష్ట్ర సుప్రీంకోర్టు థాంప్సనే హక్కుదారుడని చెప్పువఱకు ఆ కుర్చీయే ప్రభుత్వము.

చక్రాల కుర్చీ యనగా మనకును ఒకటి కలదు. 1984 ఆగస్టులో గవర్నరు రామలాల్ ఎన్.టి. రామారావుగారిని బర్తరఫు చేయగా, అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని అప్పుడే తిరిగివచ్చిన ఆయన, చక్రాల కుర్చీలో ఢిల్లీకి పోయి రాష్ట్రపతి యెదుట తన శాసనసభ్యుల తలలు లెక్కపెట్టించెను. నెల తిరుగకముందే రామలాల్ పోయి శంకరదయాళ్ శర్మగారు వచ్చిరి, సెప్టెంబరులో రామారావుగారికి పదవి మరల లభించినది. జనులందఱు వీధికెక్కినందున, తలలు లెక్కకు నిలిచినందున జరిగినదది. దానిలో గవర్నరు ఎన్నికకు తావెక్కడ?

1966లో మరల జార్జియాలో రిపబ్లికను అభ్యర్థి కాలవేకు సుమారు 3 వేల వోట్ల ఆధిక్యము వచ్చినను, సగము దాటలేదని సభ, నల్లవారికి తన హోటలులో అన్నము పెట్టుటకన్న హోటలు మూయుటయే మేలని మూసిన లెస్టర్ మాడక్స్‌ను 182 వోట్లతో గవర్నరుగా కూర్చుండబెట్టినది. 2018లో ఎన్నికల నిర్వహణము చూచు కార్యదర్శియే, ఆ పదవి వదలకయే, గవర్నరు పోటీకి దిగి గెలిచెను. పందెములో పరుగెత్తువాడే పందెమునకు తీర్పరి!

ఇంకొక మాట, త్వరగా చెప్పి వదలెదను. అమెరికా గవర్నరు మన ముఖ్యమంత్రివంటివాడు, మన గవర్నరువంటివాడు కాడు. ఎన్నికయైన గవర్నరును ముఖ్యమంత్రి నెత్తిన పెట్టినచో ఒకే ఒరలో రెండు కత్తులగును. రాజ్యాంగసభ ముసాయిదాలో ఎన్నిక మార్గమునే వ్రాసికొని, 1949 మే నెలలో దానిని మార్చుకొన్నది ఈ భయమువలననే. మఱి మీ మార్గమేమని అడుగుదురా? సభాబలము సభలోనే తేలవలెనని 1994లో బొమ్మై కేసున సుప్రీంకోర్టు చెప్పినదానిని గట్టిపఱచి, గవర్నరు విచక్షణకు గడువులు బిగించి, నియామకమున రాష్ట్రమునకును కొంత మాట యుండునట్లు చేయవలెను. అదెట్లనునది న్యాయవేత్తలు చూచుకొందురు గాక.

ఇదంతయు బంతిలో చెప్పుటకు వీలు గాలేదు. "అక్కడే ఉంటివి గదరా, ఎల్లిస్ ఆర్నాల్ పేరు వింటివా?" అని మాత్రము అడిగితిని.

"ఎవరండీ, పెదనాన్నగారూ? ఏదైనా కంపెనీయా?" అనుచు, పెరుగు గరిటె దగ్గరకు వచ్చుట చూచి, వాడు అన్నములో గుంట చేసికొనెను.