జాకెట్ తేలికైతే చాలా?

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో కొండదారుల మీద 100 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. పొద్దున బయల్దేరింది 172 మంది. మధ్యాహ్నానికి ఈదురుగాలి, వడగళ్లు, మంచు కలిసిన వాన. ఒంట్లో వేడి పడిపోయి 21 మంది చనిపోయారు. ఆ దేశంలో పేరుమోసిన రన్నర్ లియాంగ్ జింగ్ కూడా వాళ్లలో ఉన్నాడు కాబట్టి, కొత్తవాళ్లు తెలియక పోయారనుకోడానికి లేదు. చాలామంది ఒంటిమీద ఉన్నది పల్చటి టీషర్టు, నిక్కరే. గాలిని ఆపే జాకెట్ ఉంటే మంచిదన్నారు గానీ తప్పనిసరి చేయలేదు. వానకి గుహలో తలదాచుకున్న ఒక గొర్రెల కాపరి ఆరుగురిని లోపలికి చేర్చి, మంట వేసి బతికించాడు.

ఫ్రాన్స్‌లోని షమోనీలో ఆగస్టు చివర జరిగే యూటీఎంబీ పందెం తీరు వేరు. మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ సుమారు 170 కిలోమీటర్ల దారి. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా సంచిలో వాన జాకెట్ ఉండి తీరాలి. దారిలో ఆపి సంచి విప్పమంటారు కూడా. బ్రాండు మీ ఇష్టం. హుడ్ మాత్రం ఉండాలి, కుట్ల మీద లోపల టేపు అతికి ఉండాలి, గుడ్డ 10,000 మిల్లీమీటర్ల రకమైతే మేలంటారు.

ఆ అంకెకు అర్థం, 10 మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడి పెట్టినా గుడ్డ తట్టుకుంటుందని. చినుకుకి అంత బలమెక్కడిది? కానీ తడిని లోపలికి తోసేది చినుకొక్కటే కాదు, బ్యాగు పట్టీలు కూడా. అవి భుజాల మీద తడిని గంటల తరబడి లోపలికి నొక్కుతుంటాయి. ఇక కుట్టులో సూది దిగిన ప్రతిచోటా చిల్లే. టేపు లేకపోతే గుడ్డ ఎంత ఖరీదైనా దండగ.

మన వాన మనకి వేరే పాఠం నేర్పింది. జూలైలో అరకు కొండల్లో తడిస్తే జలుబు చేస్తుందేమో, అంతే. పైగా గాలి నిండా తేమ ఉన్నప్పుడు లోపలి చెమట ఆవిరై బయటికి పోయే దారి ఉండదు. ‘బ్రీతబుల్’ అని రాసున్న జాకెట్ వేసుకున్నా లోపల తడుస్తూనే ఉంటాం. అక్కడ గొడుగే నయం. అదే అలవాటుతో హైదరాబాదు నుంచి హిమాలయాల్లోని హంప్టా పాస్‌కి వెళ్తే కష్టం. 4,200 మీటర్ల పైన ఈదురుగాలిలో తడిసినవాడికి జలుబుతో సరిపోదు.

తేలిక జాకెట్‌కి నేను వ్యతిరేకిని కాను. 200 గ్రాములదైతే రోజంతా మోస్తాం, అరకిలోదైతే ఎండ కాస్తోందని గుడారంలో వదిలేస్తాం. గాన్సులో కొందరు వెచ్చటి బట్టలు ముందు మజిలీకి పంపేసుకున్నారు, వాన వాళ్లని ఆ లోపే పట్టుకుంది. కానీ ఆ తేలికదనం హుడ్ తీసేసి, టేపు మానేసి తెచ్చిందైతే వద్దు. ఇంకో సంగతి, వాన జాకెట్ వెచ్చగా ఉండదు. మన కాపరులు కొప్పెర వేసుకునే గొంగడి తడిసినా కాస్త వేడి నిలుపుతుంది, ఈ పల్చటి పొర ఆ పని చేయదు. దాని కింద ఉన్నిదో ఫ్లీసో తొడుక్కోవాలి. కాబట్టి ఆ స్వెటరు వేసుకునే కొట్టుకి వెళ్లి, పైన జాకెట్ తొడిగి చూడండి. హుడ్ బిగించి తల పక్కకి తిప్పితే అదీ తలతోపాటు తిరగాలి, కళ్లకి అడ్డం పడకూడదు. గ్లవ్స్ తీయకుండానే జిప్పు లాగగలగాలి.