కంది జన్యువులు లెక్కకొచ్చాయి, చేను లెక్క ఏదీ?

మాదాపూర్ ఆఫీసులో మా టీమ్ పని బ్యాంకు లావాదేవీల్లో మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్ రాయడం. ఏది మోసమో, ఏది కాదో ముందుగా ఎవరో ఒకరు గుర్తు పెట్టి ఇవ్వాలి. లేకపోతే కోట్ల లావాదేవీలు పోసినా ప్రోగ్రాం నేర్చుకునేదేమీ ఉండదు. తాండూరు వైపు కంది పండించే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, పంటల జన్యు పరిశోధన వార్త ఏది చదివినా నాకు మొదట తట్టేది ఈ గుర్తుల సంగతే.

గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కితే పటాన్‌చెరు ఎంతసేపు? అక్కడి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో రాజీవ్ వార్ష్ణేయ్ నాయకత్వాన శాస్త్రవేత్తలు 2011లో కంది జన్యుక్రమాన్ని ప్రకటించారు. అందుకు ఎంచుకున్నది మన రైతులెరిగిన ‘ఆశ’ రకం. ఎండు తెగులునూ, వెర్రి తెగులునూ తట్టుకునేది. అందులో 48,680 జన్యువులుంటాయని అంచనా వేశారు. 2017లో 292 కంది నమూనాల జన్యుక్రమాలను చదివారు. 2021కల్లా శనగలో 3,366 చదివేశారు.

చదవడం చవకైంది, సంతోషమే. అయితే ఏ జన్యువు ఏం చేస్తుందో చెప్పాల్సింది చేను. పూత ఎప్పుడు మొదలైంది, కాయతొలుచు పురుగు ఎంత తిన్నది, వెర్రి తెగులు ఏ సాళ్లలో కనిపించింది: ఇవన్నీ ఎండలో నిలబడి చూసి రాయాలి. పైగా నేల మారితే పంటా మారుతుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ రుచికి కారణంగా చెప్పింది అక్కడి నేలనే. ఏ చెలకలో ఏ తెగులు ముందొస్తుందో మా నాన్న ఇట్టే చెబుతాడు. ఎక్కడా రాసి మాత్రం ఉండదు.

సాంబ మసూరి కథ చూడండి. ఎండాకు తెగులుకు లొంగిపోయే ఆ వరిలోకి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి, జన్యు గుర్తుల (మార్కర్ల) సాయంతో సంకరం చేసి, తట్టుకునే మూడు జన్యువులను తెచ్చాయి. 2008లో రకం విడుదలైంది. అదే సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి రాజేంద్రనగర్ వాళ్లు తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100ను కేంద్రం 2025 మేలో ప్రకటించింది. దిగుబడి పెరుగుతుందని, ఇరవై రోజులు ముందే కోతకొస్తుందని చెప్పింది. తర్వాత జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు క్షేత్ర పరీక్షల అంకెలనే ప్రశ్నించాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఎవరిది నిజమో తేల్చడం నా వల్ల కాదు. ప్రతి పరీక్షా కేంద్రంలో ప్రతి మడి అంకెలూ అందరూ చూసేలా పెడితే తగాదా సగం తీరుతుంది.

ఇక్కడే సైబరాబాద్‌కు పని ఉంది. సీఎస్ఆర్ పేరుతో మొక్కలు నాటి ఫొటోలు దిగే కంపెనీలు (మాదీ అందులో ఒకటే) నలుగురు ఇంజినీర్లను ఏడాదిపాటు విత్తన పరీక్షల రికార్డులకు కేటాయించలేవా? రైతు వేదికల్లోని విస్తరణ అధికారులకు తెలుగులో నడిచే, సిగ్నల్ లేకున్నా పనిచేసే యాప్ ఇవ్వండి. గమనించి నమోదు చేసే రైతుకు కూలి కట్టివ్వండి. ఈ సమాచారాన్ని విత్తన కంపెనీలు ఊరికే ఎత్తుకుపోతాయన్న భయం సబబే. అందుకే ఏ ఊరి విత్తనం, ఎవరి లెక్క అన్నది రికార్డులోనే ఉండాలి. వాడుకునే షరతులు ముందే రాయాలి.

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఒక్కటే: వచ్చే వానాకాలం తాండూరు కందితో మొదలుపెట్టండి. కోడు రాయడానికి మేమున్నాం.