సేవలో వాటా ఉంది, మాటలో లేదు

మన ఆస్పత్రి వార్డుల్లో రోజంతా వినిపించే మాట ఒకటుంది: “సిస్టర్, సెలైన్ అయిపోవచ్చింది.” అనేది రోగి కాదు. మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న కొడుకో, కోడలో, ఊరి నుంచి తోడు వచ్చిన తమ్ముడో. సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కనిపెట్టుకుని ఉండేది వాళ్లే. మందులు కొనుక్కొచ్చేది, రక్తం శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్లేది, స్ట్రెచర్ తోసేది, ఒళ్లు తుడిచేది, జావ తాగించేది కూడా వాళ్లే.

కొన్నేళ్ల కిందట తుంటి ఎముక విరిగి మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అలాంటి స్టూలు మీద నేనూ పదకొండు రాత్రులు గడిపాను. మూత్రం సంచీ నిండినప్పుడల్లా తీసుకెళ్లి పారబోసి వచ్చేవాణ్ణి. రెండో రోజు రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు “నిన్నటి నుంచి యూరిన్ ఎంత వచ్చింది?” అని అడిగారు. కేస్ షీట్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. సిస్టర్ నా వంక చూశారు, నేను నేల వంక చూశాను. కొలవాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పే తీరిక ఆమెకు లేదు, ముందు రాత్రి వార్డు మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆ సాయంత్రం ఆమె రెండు నిమిషాలు ఆగి సంచీ మీది గీతలు ఎలా చదవాలో, ఆపరేషన్ అయిన కాలు మెలిపడకుండా అమ్మను పక్కకు ఎలా ఒత్తిగిలించాలో చూపించారు. ఆ తర్వాత డిశ్చార్జి దాకా నోట్‌బుక్‌లో అంకెలు రాస్తూనే ఉన్నాను. ఆ రెండు నిమిషాలు ఆస్పత్రి పెట్టిన నియమం కాదు, ఆవిడ మంచితనం.

వైద్యంలో రోగి భాగస్వామ్యం గురించి మాట్లాడితే అది చదువుకున్న దేశాల ముచ్చట అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది పొరపాటు. మన దగ్గర భాగస్వామ్యం లేకపోవడం కాదు సమస్య. చాకిరీలో మనకు నిండు వాటా ఉంది. లేనిదల్లా తెలుసుకోవడంలో, చెప్పుకోవడంలో, నిర్ణయించుకోవడంలో వాటా.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆస్పత్రుల్లో చేయాల్సి ఉండీ తరచూ జరగకుండా మిగిలిపోతున్న నర్సింగ్ పనులేమిటని ఆమె నర్సులనే అడిగారు. తొమ్మిది రకాలు తేలాయి. రోగిని నడిపించడం, పక్కకు ఒత్తిగిలించడం, వేళకు తినిపించడం, ఒళ్లు శుభ్రం చేయడం, లోపలికి పోయిన ద్రవాలకూ బయటికి వచ్చినవాటికీ లెక్క రాయడం, ధైర్యం చెప్పడం, కనిపెట్టుకుని ఉండడం, జబ్బు గురించి నేర్పడం, ఇంటికి పంపే ముందు సిద్ధం చేయడం. ఈ జాబితా చదువుతుంటే నాకు మన వార్డు కళ్లకు కట్టింది. అక్కడ ఎవరూ చేయక మిగిలిపోయిన పనులు ఇక్కడ ఇంటివాళ్ల చేతుల్లో పడుతున్నాయి. చివరి రెండూ మాత్రం ఇంటివాళ్లు ఎంత ప్రేమ ఉన్నా చేయలేరు. నేర్పాల్సింది తెలిసినవాళ్లే. ఆ రెండూ జరగకపోవడం వల్లే మిగిలిన ఏడూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగుతున్నాయి. కళ్లార్పకుండా కనిపెట్టుకునే ఉంటాం, కానీ దేన్ని కనిపెట్టాలో తెలియదు.

దీనికి నర్సులను తప్పుపట్టడం అన్యాయం. పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స జరిగిన 2,32,000 మందికి పైగా రోగుల వివరాలతో లిండా ఐకెన్ బృందం 2002లో తేల్చిన సంగతి నర్సింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, 30 రోజుల్లోపు రోగి మరణించే ముప్పు 7 శాతం చొప్పున పెరిగింది. తొమ్మిది ఐరోపా దేశాల్లో పరిశీలించి 2014లో ప్రచురించినప్పుడూ దాదాపు అదే అంకె వచ్చింది. బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని మన భారత నర్సింగ్ మండలి ప్రమాణం పెట్టింది. రాత్రిపూట ఏ పెద్దాస్పత్రి జనరల్ వార్డులోనైనా నిలబడి మంచాలనూ, తెల్ల కోట్లనూ లెక్కపెట్టి చూడండి. నేల మీద పరిచిన పరుపులను కూడా లెక్కలో వేయండి.

నేర్పితే ఏమవుతుందో చూడాలంటే విదేశాలకు పోనక్కర్లేదు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి నవజాత శిశు విభాగం చాలు. పసిబిడ్డల ఐసీయూ అంటే తల్లిని కూడా గాజు తలుపు అవతల నిలబెట్టే చోటు. ఆ వైద్యులూ నర్సులూ ఆ తలుపు తెరిచారు. చేతులు ఎలా కడుక్కోవాలి, గొట్టం ద్వారా పాలు ఎలా పట్టాలి, బిడ్డ రంగు మారినా ఊపిరి తేడాగా ఉన్నా ఎలా గుర్తుపట్టాలి అన్నవి వీడియోలు చూపించి, పక్కనుండి చేయించి నేర్పారు. దాదాపు 300 మంది శిశువుల మీద జరిగిన పోలిక అధ్యయనంలో రెండు సంగతులు బయటపడ్డాయి. జనం లోపలికి వస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయన్న భయం నిజం కాలేదు. డిశ్చార్జికి ముందు తల్లిపాలు మాత్రమే తాగుతున్న బిడ్డలు మామూలు పద్ధతిలో 67 శాతం ఉంటే, ఇంటివాళ్లను చేర్చుకున్న పద్ధతిలో 80 శాతం ఉన్నారు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ విభాగాలైన ఎస్‌ఎన్‌సీయూలన్నిటి కోసం ఇదే బాటలో మార్గదర్శకాలు విడుదల చేసింది.

అంతకన్నా గట్టి సాక్ష్యం 2021లో వచ్చింది. మన సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఒక్కో ఆస్పత్రి, మొత్తం ఐదు చోట్ల, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువులతో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన నిర్వహించింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి రొమ్మున చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచారు. అందుకోసం తల్లి మంచాన్నే ఐసీయూలోకి తెచ్చారు. 28 రోజుల్లోపు మరణాలు మామూలు పద్ధతిలో చూసిన రెండో వర్గంలో 15.7 శాతం ఉంటే, ఈ వర్గంలో 12 శాతమే. ఫలితం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ఆ రెండో వర్గం బిడ్డలకు ఈ మేలు అందకుండా ఆపడం ధర్మం కాదని పరిశోధనను మధ్యలోనే ముగించారు. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. సందర్శకురాలిగా బయట నిలబెట్టిన తల్లిని చికిత్సలోకి తీసుకున్నారు. ఆమె పక్కన నేర్పరి అయిన నర్సు నిలబడింది. ఈ రెండో మాట మరిచిపోతే మొదటిది పనిచేయదు.

“మన అటెండెంట్లు ఒకరికి పదిమంది వస్తారు, గొడవకు దిగుతారు, చెయ్యి చేసుకుంటారు” అని వైద్య సిబ్బంది అంటారు. ఆ భయం నిజమైనదే. చెయ్యెత్తడాన్ని ఏ బాధా సమర్థించలేదు. అయితే లోపల ఏం జరుగుతోందో మూడు రోజులు ఎవరూ చెప్పకపోతే, నాలుగో రోజు పిలిచి “పరిస్థితి సీరియస్” అంటే, ఆ కుటుంబానికి మిగిలేది అనుమానమే. చెప్పడం కూడా చికిత్సలో భాగమని ఒప్పుకుంటే సిబ్బందికీ రక్షణ పెరుగుతుందని నా నమ్మకం.

ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. ఇంటివాళ్ల మాట వేరు, రోగి మాట వేరు. “ఆవిడకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు” అనే మాట ఎన్ని ఐసీయూల బయట విన్నామో! ముఖ్యంగా ఆడవాళ్ల ఒంటి గురించి భర్తా అత్తా నిర్ణయించేస్తుంటారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను తేటతెల్లం చేసింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి తొలగించారు. ఆ అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. తల్లి అనుమతే చెల్లనప్పుడు, మంచం మీద స్పృహతో ఉన్న మనిషిని వదిలేసి వరండాలో సంతకాలు పెట్టించుకునే అలవాటును ఏమనాలి?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం నుంచి మనం తీసుకోదగ్గవి మూడున్నాయి. డ్యూటీ మారేటప్పుడు నర్సులు ఒకరికొకరు హ్యాండోవర్ ఇచ్చుకుంటారు కదా, దాన్ని నర్సింగ్ స్టేషన్‌లో కాకుండా మంచం దగ్గరే, రోగి వింటుండగా ఇవ్వడం మీద అక్కడి గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో వెండీ చాబోయర్ బృందం పరిశోధించింది. కొత్తగా వచ్చిన నర్సు ఎవరో రోగికి తెలుస్తుంది, తప్పు వివరం ఉంటే రోగే సరిచేస్తాడు. అందరూ మాట్లాడాలనుకోరు, కొందరికి వింటే చాలు. పక్క మంచం వాళ్లు వినకూడనివి విడిగా చెప్పుకోవాలి. మన దగ్గర ఇది తెలుగులో జరగాలి. కేస్ షీట్ ఇంగ్లిషులో ఉన్నా ఫర్వాలేదు, మంచం దగ్గరి మాట ఇంగ్లిషులో ఉంటే మాత్రం రోగి తన గురించిన కబురుకే పరాయివాడవుతాడు.

రెండోది, ఒక ఫోన్ నంబరు. 2007లో అక్కడ మూడేళ్లు కూడా నిండని రయాన్ సాండర్స్ ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులకు తెలుస్తూనే ఉంది, వాళ్ల ఆందోళనకు తగిన స్పందన రాలేదు. 2013లో అతని పేరిటే నియమం వచ్చింది. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి, తీరకపోతే వార్డు ఇన్‌చార్జి నర్సుకు, అప్పటికీ తీరకపోతే ఫోన్ చేస్తే వేరే వైద్యుడో సీనియర్ నర్సో వచ్చి చూడాలి. 2021లో 13 ఏళ్ల మార్తా మిల్స్ మరణం తర్వాత ఇంగ్లండ్ కూడా ఇలాంటి నియమాన్ని 2024 నుంచి మొదలుపెట్టింది. మన వార్డు గోడ మీద ఆ నంబరు తెలుగు అక్షరాల్లో ఉంటే, పల్లె నుంచి వచ్చిన తల్లికి ఎవరి కాళ్లూ పట్టుకునే అవసరం ఉండదు.

మూడోదే అసలు కిటుకు. 2016లో అదే రాష్ట్రం మెడికల్, సర్జికల్ వార్డుల్లో పగలు సగటున నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు చొప్పున చట్టబద్ధం చేసింది. మళ్లీ చేరే రోగులు తగ్గడం వల్ల, మంచాలు తొందరగా ఖాళీ కావడం వల్ల ఆదా అయిన సొమ్ము, అదనపు నర్సుల ఖర్చుకు రెండింతలు దాటిందని 2021లో లాన్సెట్ అధ్యయనం లెక్కగట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కొత్త ఆస్పత్రి కట్టడాలకు నిధులిచ్చినంత సులువుగా నర్సుల పోస్టులకు ఇవ్వడం లేదు. ఇంటివాళ్లకు నేర్పుతాం కాబట్టి నర్సులు తక్కువున్నా గడుస్తుందని ఏ అధికారి అయినా అంటే, ఈ పరిశోధనలన్నిటినీ తలకిందులుగా చదివినట్టే. మాకు నేర్పడానికే ఇంకా ఎక్కువమంది నర్సులు కావాలి. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు ఒక్కో మంచం దగ్గర రెండు నిమిషాలు ఆగాలంటే, నలభై మంచాలకు ఎనభై నిమిషాలు. ఒక్క సిస్టర్ ఉన్న వార్డులో ఆ ఎనభై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయో వచ్చే బడ్జెట్‌లో చెప్పాలి.